వేఱుపడిన తలిదండ్రులు, బిడ్డల ధర్మము

లోకమున మనుష్యులను గట్టి యుంచు బంధములు రెండు తెఱగులు. తాము కోరి కట్టుకొన్నవి కొన్ని; పుట్టుకతో వచ్చినవి కొన్ని. దాంపత్యము మొదటి తెగకు జెందినది. తల్లికిని బిడ్డకును, తండ్రికిని బిడ్డకును గల సంబంధము రెండవ తెగకు జెందినది. ఈ రెండును ఒకే యింటి కప్పు క్రింద చిరకాలము కలిసి యుండుటచే, ఒకటి లేనిచో రెండవది నిలువదని మనము భ్రమపడుచున్నాము. తలిదండ్రులు విడిపోయిన యెడల బిడ్డలు వారిలో నొకరిని గోలుపోక తప్పదనుట ఈ భ్రమనుండి పుట్టిన మాటయే. అది నిజము కాదనియు, దానిని నిజము చేయుచున్నది మన నడవడియే యనియు జూపుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. ఈ విషయమున నేను కేవలము విమర్శకుడను గాను. తప్పు చేసినవారిలో నొకడను.

నేను హైదరాబాదు నగరమున ఎర్రమంజిల్‌లో నివసించు నొక బడిపంతులను. నా తలిదండ్రులు నలువదియాఱేండ్లు కాపురము చేసిరి. తండ్రిగారికి డెబ్బదియొకటవ యేటను, తల్లికి అఱువదియేడవ యేటను, ఇరువురు నంగీకరించి న్యాయస్థానమువలన విడాకులు పొందిరి. కారణముల నిచ్చట వ్రాయను. అవి వారి సొంతము. హింసగాని దుర్వ్యసనముగాని లేదని మాత్రము చెప్పిన జాలును. తల్లి నాతోనే యుండెను. తండ్రిగారు అమీర్‌పేటలో రెండు గదుల యిల్లు అద్దెకు దీసికొనిరి. మా చోటినుండి మెట్రో రైలెక్కినచో నడుమ పంజాగుట్ట స్టేషను ఒక్కటియే. కొద్ది నిమిషముల ప్రయాణము. ఆ దూరమును దాటుటకు నాకు రెండేండ్లు పట్టినది.

విడాకుల వార్త తెలిసినప్పుడు బంధుమిత్రు లందఱు నడిగిన ప్రశ్న యొక్కటియే: "ఈ వయసున ఇదేమి కర్మము?" ఆ ప్రశ్నలో నొక లెక్క దాగి యున్నది. అఱువది దాటినవారికి మిగిలిన బ్రదుకు స్వల్పమనియు, దానిని ఎట్లో యొకట్లు ఈడ్చిన జాలుననియు ఆ లెక్క. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947 నాటికి భారతీయుల సగటు ఆయుర్దాయము దాదాపు 32 ఏండ్లు. నేడది 70 ఏండ్ల చేరువలో నున్నది. శిశుమరణములు తగ్గుట దీనికి ముఖ్యకారణమే యైనను, వృద్ధులును మునుపటికంటె చిరకాలము జీవించుచున్నారు. అఱువదియేండ్ల మనుష్యునకు మఱి యిరువదియేండ్లు ముందుండుట నేడు వింత గాదు. పిల్లలను బెంచుట, వారి చదువులు, పెండ్లిండ్లు అను పనులు దంపతులను గట్టి యుంచినంతకాలము, తమ నడుమ వేఱొక బంధ మున్నదో లేదో వారికే తెలియదు. ఆ పనులు ముగిసిన నాడు ఒకరి యెదుట నొకరు కూర్చుండి, పలుకుటకు మాట తోచక నిలిచిపోవు దంపతు లెందఱో కలరు.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు గాదు. అమెరికాలో ఏబదియేండ్లు దాటినవారిలో విడాకుల రేటు 1990 నుండి 2010 నాటికి రెట్టింపైనదనియు, 2010లో విడాకులు పొందిన ప్రతి నలుగురిలో నొకరు ఆ వయసువారే యనియు సూసన్ బ్రౌన్, ఐ-ఫెన్ లిన్ అను సాంఘికశాస్త్రజ్ఞులు 2012లో తేల్చిరి. జపానులో, విడిపోవు దంపతులు ఉద్యోగపు పింఛనును పంచుకొనుటకు 2007లో శాసన మమలులోనికి వచ్చినది. మనలో నిట్టి జంటలు అరుదు. అరుదగుటచేతనే వారికిగాని, వారి బిడ్డలకుగాని త్రోవ చూపు ఆచార మింకను మన కేర్పడలేదు.

ఇక ధర్మశాస్త్రము పేరు చెప్పి యాక్షేపించువారు కలరు. వివాహము సంస్కారమనియు, దానికి తెగుట లేదనియు వారందురు. మనువు మాట అట్టిదే యని నేనును ఒప్పుకొందును. కాని మన శాస్త్రము మనువుతో మొదలై మనువుతో ముగియలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, భార్యాభర్తలకు పరస్పరద్వేషము గలిగినప్పుడు విడుదల కలదని చెప్పి, ఆ విడుదలకు మోక్షమను పేరే పెట్టెను. ధర్మవివాహములకు మాత్ర మది లేదని హద్దును గూడ నతడే గీసెను. పండితులు హద్దులు గీయుచుండగా, గ్రామములలో ననేక కులములవారు కులపంచాయతీ యెదుట విడాకులు, పిమ్మట మారుమనువు అను నాచారములను తరతరములుగా నడపుకొనుచు వచ్చిరి. 1949లో మద్రాసు రాజ్యమున హిందువులకు విడాకుల శాసనము వచ్చినది. 1955లో దేశమంతటికిని హిందూ వివాహ శాసనము వచ్చి, పూర్వపు కులాచారముల హక్కును గూడ నిలిపి యుంచినది. ఇరువురి సమ్మతితో విడిపోవుటకు 1976లో దానిలో వీలు కల్పింపబడినది. కావున నా తలిదండ్రులు చేసినది చట్టమునకు విరుద్ధము గాదు. లోకమునకు క్రొత్తయు గాదు.

వయసు మీఱిన పిమ్మట గృహమునుండి తొలగుట మన పెద్ద లెఱుగని సంగతియు గాదు. వానప్రస్థమునకు బోవువాడు భార్యను వెంట దీసికొని పోవచ్చును, లేదా కొడుకుల కప్పగించి పోవచ్చునని మనువే చెప్పుచున్నాడు. భార్య యిష్ట మేమో యడుగుమని చెప్పలేదు. అది ఆ కాలపు లోపము. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడుచుటకు ముందు తన యిద్దఱు భార్యల నడుమ ఆస్తిని పంచి పోవదలచెను. ఆ కథలో మైత్రేయి యడిగిన యమృతత్వమును గుఱించి పండితులు వేయి మాటలు చెప్పుదురు. నేను చిన్న మాట యొకటి చెప్పుదును: వేఱుపడుటకు ముందు లెక్క తేల్చవలెనని ఆ ఋషికి దోచెను. ఈ మాట ముందునకు మనకు బనికివచ్చును.

ఐనను విడాకు లనగానే మన యిండ్లలో పుట్టు భయము శాస్త్రమువలన బుట్టినది గాదు, నిందవలన బుట్టినది. 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు ఎదుటికి వచ్చిన యొక వ్యాజ్యమున భర్తకు తొంబదియేండ్లు కావచ్చినవి. భార్యకు ఎనుబది దాటినవి. ఆయన 1996లో వేసిన దావా ఇరువదియేడేండ్లు నడచినది. విడాకులు పొందిన స్త్రీ యను నింద మోసికొని మరణించుట తన కిష్టము లేదని ఆ వృద్ధురాలు మొఱపెట్టుకొనెను. న్యాయస్థానము ఆమె మనోభావమును మన్నించి విడాకుల నీయ నిరాకరించెను. తీర్పు మంచిదా చెడ్డదా యని నేను విచారింపను. ఎనుబది దాటిన స్త్రీ నొక మాట యింత భయపెట్టినదే, ఆ మాటకు కోరలు పెట్టినవా రెవరు? మనమే. ఆమెకు భయపడుటకు కారణము లేకుండ జేయుట న్యాయాధిపతుల పని గాదు, ఇరుగుపొరుగువారి పని.

ఈ సందర్భమున దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని దలచుట యుచితము. ఆమెకు ఎనిమిదేండ్ల వయసుననే వివాహము జరిగినది. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమును వదలుకొనగా, తండ్రియు సోదరుడును ఆమెకు బాసటగా నిలిచిరి. ఆమె 1953లో చైనాలో పర్యటించి, అచ్చటి కుటుంబ న్యాయస్థానములను గుఱించి తెలిసికొని వచ్చి, మన దేశమునను అట్టివి కావలెనని పెద్దలతో ముచ్చటించెను. 1981లో ఆమె గతించిరి. కుటుంబ న్యాయస్థానముల శాసనము 1984లో వచ్చినది. ఇంటి తగవును సామాన్యపు వ్యాజ్యమువలె గాక వేఱు రీతిని విచారింపవలెనని తెలుగుబిడ్డ యొకతె ముప్పదియేండ్ల ముందే తలచుట మనకు గర్వకారణము. కాని న్యాయస్థానమెంత మెత్తనిదైనను అది దంపతుల తగవునే తీర్చగలదు. పెరిగి పెద్దవారైన బిడ్డలు తలిదండ్రులతో నెట్లు మెలగవలెనో అది చెప్పజాలదు. చిన్నపిల్లలున్నచో ఎవరియొద్ద నుండవలెనో న్యాయాధిపతి నిర్ణయించును. నలువదియైదేండ్ల కొడుకును ఎవరి కప్పగించును? ఆ తీర్పు ఆ కొడుకే చెప్పుకొనవలెను.

నేను చెప్పుకొన్న తీర్పు చెడ్డది. తల్లి నాయింట నున్నది గనుక న్యాయ మామె పక్షమున నున్నదనుకొంటిని. ఆమె కన్నీరు నాకు కనబడినది. తండ్రిగారి కన్నీరు కనబడలేదు గనుక లేదనుకొంటిని. ఆయన వచ్చెద నన్నప్పుడు పని యున్నదంటిని. పిల్లలకు పరీక్ష లున్నవంటిని. నేను చేయుచున్నది తల్లికి సేవ యని నమ్మితిని. నిజమునకు నేను చేయుచున్నది శిక్ష. ఆ శిక్ష వేయు నధికారము నా కెవరును ఈయలేదు.

రెండవ యుగాది నాడు తల్లి పచ్చడి కలుపుచు, "ఈ పూట మీ నాన్నగారికి పచ్చడి యెవరు చేసి పెట్టుదురు?" అనెను. "ఆ చింత నీకేల?" యంటిని. ఆమె చేయి కడుగుకొని వచ్చి నా యెదుట గూర్చుండెను. "నేను విడిచినది నా భర్తను. నీ తండ్రిని విడువుమని నీతో నేనెప్పుడు చెప్పితిని? ఆ తగవు నాది. దానిని నీకెవ రిచ్చిరి?" యనెను.

సంస్కృతమును ఆంగ్లమును జదివి, పిల్లలకు నీతిపాఠములు చెప్పు నాకు ఈ తర్కము తోచలేదు. భర్త యనునది యొక సంబంధము. తండ్రి యనునది వేఱొక సంబంధము. ఆ రెండు పేళ్లును మోయుచున్నవా డొక్క మనుష్యుడే కావచ్చును. మొదటి పేరు న్యాయస్థానమున రద్దు గావచ్చును. రెండవ దానిని రద్దు చేయు న్యాయస్థానము లేదు. తైత్తిరీయోపనిషత్తున గురువు శిష్యునకు తల్లిని దైవముగా నెంచుమని యొక మాటయు, తండ్రిని దైవముగా నెంచుమని వేఱొక మాటయు చెప్పెను. దంపతులను గలిపి యొక్క మాటగా జెప్పలేదు. మన చట్టములును అట్లే చెప్పుచున్నవి. 1956 నాటి వారసత్వ శాసనము ప్రకారము, విడాకులు పొందిన భార్య భర్తకు వారసురాలు గాదు; బిడ్డలో, తల్లికిని దండ్రికిని వారసులుగానే యుందురు. తలిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన శాసనమున తల్లి వేఱుగను తండ్రి వేఱుగను హక్కుదారులు. వారు కలిసి కాపురము చేయుచున్నారా యని ఆ శాసన మడుగదు. ఐతే ఆ శాసనము నెలకు కొంత ధన మిప్పించగలదు గాని, పండుగనాడు తలుపు తట్టు కొడుకును గాని, కూతును గాని పంపలేదు.

మా పేటకు పేరిచ్చిన మేడను ఇచ్చట నుదాహరింతును. 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్ ముల్క్ ఆ మేడను గుట్టపై గట్టించెను. నవాబుగారి కాపురము దానిలో ఏనాడో ముగిసినది. పిమ్మట ప్రభుత్వ కార్యాలయము లందు వెలసినవి. 2019లో దానిని బడగొట్టి శాసనసభకు క్రొత్త భవనము గట్టవలెనని ప్రభుత్వము తలపెట్టగా, ఆ యేడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయమును గొట్టివేసెను. మేడ నిలిచినది. కాపురము ముగిసినంతమాత్రమున కట్టడము పడవలసిన పని లేదు. దంపతుల కాపురము ముగిసిన యింటను తాతయు మనుమడును, తల్లియు కూతురును, అన్నయు చెల్లెలును అను గోడలు నిలిచియే యుండును. వానిని బడగొట్టువారము మనమే.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణ కలదు. "తలిదండ్రులలో నొకరు రెండవవారి కన్యాయము చేసిన యెడల, ఇరువురియెడ సమముగా నుండుట అన్యాయమునకు దోడ్పడుట గాదా?" ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. భార్యను గొట్టినవానిని, బిడ్డలను ఆకలికి విడిచినవానిని ప్రేమింపుమని యెవరిని నిర్బంధింపగలము? ప్రేమ వేఱు, విధి వేఱు. అన్నమును, మందును, ఆపదలో తోడును ఇచ్చుట విధి. మనసు విప్పి మాటలాడుట ప్రేమ. మొదటిది ఎట్టివారికైనను చెల్లింపదగినది. రెండవది వారు సంపాదించుకొనవలసినది. కాని ఈ భేదమును బాటించువాడు తన్ను దా నొక ప్రశ్న యడుగుకొనవలెను: నా కోపము నేను చూచినదానివలన వచ్చినదా, లేక ఒకరి నోట విన్నదానివలన వచ్చినదా? విన్న కోపము వారసత్వపు ఆస్తి గాదు, పంచుకొనుటకు. తప్పు కనబడినచో దానిని తప్పు చేసినవారి ముఖముననే చెప్పవలెను. చెప్పుట చేతగాక రాకపోకలు మానుట పిఱికితనము. నేను చేసినది అదియే.

తలిదండ్రులకును ధర్మము కలదు. యాజ్ఞవల్క్యుని మాట వారికి మొదటిది: ఇల్లు, పొలము, నగలు, పింఛను, వైద్యపు ఖర్చు, వీని లెక్క విడిపోవుటకు ముందే వ్రాతమూలకముగా దేల్చుకొనవలెను. వారసత్వమును గోలుపోవు భార్యకు ఇది మఱింత ముఖ్యము. లెక్క తేలనిచోట బిడ్డలే తీర్పరు లగుదురు. తీర్పరియైన బిడ్డ బిడ్డగా నుండలేడు. రెండవది, బిడ్డను సాక్షిగా బిలువరాదు. "నీవే చెప్పు, తప్పెవరిది?" అను ప్రశ్న తల్లి నోటను తండ్రి నోటను రాదగనిది. మూడవది, బిడ్డను జాబుమోయువానిగా జేయరాదు. బిడ్డలును అచ్చటి మాట నిచ్చటను, ఇచ్చటి మాట నచ్చటను జేరవేయరాదు. ఎంత మంచి మాటయైనను రెండవ యింటికి జేరునప్పటికి దానికి ముల్లు మొలచును.

తండ్రులను గుఱించి వేఱుగ నొక మాట చెప్పవలెను. పైని బేర్కొన్న లిన్, బ్రౌన్ మొదలైనవారు 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, అమెరికాలో వార్ధక్యపు విడాకుల పిమ్మట ఎదిగిన బిడ్డలకు తల్లితో రాకపోకలు పెరుగుచున్నవి; తండ్రితో తగ్గుచున్నవి. దీనికి కారణమును వెదకుటకు నేను అమెరికా పోనక్కఱలేదు. నేను ఇంటికి ఫోను చేసినప్పుడెల్ల తండ్రిగారు తీసి, "కులాసాయేనా? ఉండు, అమ్మ కిచ్చెదను" అనెడివారు. ముప్పదియేండ్లు మా నడుమ జరిగిన సంభాషణ యిదియే. మా యిండ్లలో తండ్రి తన బిడ్డలతో తల్లి ద్వారమున మాటలాడును. కొడుకు జ్వరమును, కూతురి కష్టమును, మనుమరాలి మార్కులును ఆమె చెప్పగా వినును. ఆ ద్వారము మూతపడిన నాడు ఫోను అందించుటకు ప్రక్క నెవ్వరును లేరు. అది ప్రేమ లేమి గాదు, అలవాటు లేమి. డెబ్బదియవ యేటనైనను తండ్రి దానిని నేర్చుకొనవలెను, కొడుకు నేర్చుకొననీయవలెను.

ఆ యుగాది మధ్యాహ్నము నేను అమీర్‌పేటకు బోయితిని. తండ్రిగారు తలుపు తీసి, "రైలులో రద్దీగా నున్నదా?" యనిరి. ఉన్నదంటిని. క్షమాపణ లెవరును చెప్పుకొనలేదు. కొంతసే పిద్దఱమును గోడ చూచుచు గూర్చుంటిమి. పిమ్మట ఆయన వంటగదిలోనికి దీసికొనిపోయి, జావవలె నైన యన్నమును చూపి, "గిన్నెడు బియ్యమునకు మీ యమ్మ నీళ్లెన్ని పోయును?" అని యడిగిరి. ఒకరి సంగతి నొకరికి మోయరాదని నిశ్చయించుకొని వచ్చినవాడను. ఐనను బియ్యపు కొలత చెప్పినంతమాత్రమున దోషము లేదనుకొని, రెండు గిన్నెలకు కొంచెము పైన నని చెప్పితిని. ఆయన దానిని కాగితముపై వ్రాసి పొయ్యి ప్రక్క గోడకు అంటించిరి. అప్పటినుండి ప్రతి ఆదివారమును పోవుచున్నాను. మాటలు మెల్లగా వచ్చుచున్నవి.

పోయిన సంవత్సరము మా చెల్లెలి కుమార్తె వివాహము జరిగినది. శుభలేఖలో అచ్చువారు అలవాటుచొప్పున అమ్మమ్మ, తాతల పేళ్లు కలిపి "దంపతులు" అని కూర్చి పంపిరి. మేము ఆ మాటను దీసివేయించి, రెండు పేళ్లను రెండు వరుసలలో వేయించితిమి. పెద్దలు కొందఱు మొగము ముడుచుకొనిరి. వివాహమునకు ఇద్దఱును వచ్చిరి. వేఱు వేఱు వరుసలలో గూర్చుండిరి. ఒకరి నొకరు పలుకరించుకొనలేదు. వారిని పలుకరింపజేయుటకు మేమును బ్రయత్నింపలేదు. అక్షతల వేళ ఇద్దఱును లేచి వచ్చి పిల్లను దీవించిరి. మా యింట ఆ నాడు తక్కువైన దేదియు నాకు గనబడలేదు.

చదువరులారా, మీ బంధువులలోనో మీ వీధిలోనో ఇట్లు వేఱుపడిన పెద్ద లుందురు. కారణ మడుగకుడు. ఏ పక్షమును బూనకుడు. పేరంటమునకు ఆమెను బిలువుడు. పండుగ భోజనమునకు ఆయనను బిలువుడు. ఆ పెద్దలు మీ తలిదండ్రులే యైన యెడల, నావలె రెండేండ్లు జాగు చేయక, ఈ వారమే పోయి ఆ రెండవ తలుపును గూడ తట్టుడు.